కేబినెట్ ముందు భాగపు తీగలను మదర్‌బోర్డుకు కలపడం ఎలా?

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులలో కొందరు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, రాజమండ్రి, విజయవాడ దుకాణాలలోనో విడిభాగాలు కొని తెచ్చుకొని, సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటారు. ప్రాసెసర్‌ను చక్కగా కూర్చోబెడతారు, ర్యామ్ ఎక్కిస్తారు, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) తీగలు కలుపుతారు. చివరికి కేబినెట్ ముందు భాగం నుంచి వేలాడే సన్నటి తీగల కట్ట దగ్గరకు వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేసే నాకు పండుగ రోజుల్లో వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ తీగల గురించినవే. "అంతా పెట్టేశానండీ, ఈ చిన్న తీగలు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు" అన్న మాటతోనే ఆ సంభాషణ మొదలవుతుంది.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోండి. మీటల, దీపాల తీగలు గుచ్చే తొమ్మిది పిన్నులంటే అందరికీ భయం, కాని అక్కడ పొరపాటు జరిగినా సాధారణంగా మదర్‌బోర్డుకు ఏమీ కాదు. తీగ తప్పుగా పెడితే మీట పనిచేయదు, దీపం వెలగదు, అంతే. దాని పక్కనే ఉండే యూఎస్‌బీ పిన్నుల దగ్గర మాత్రం 5 వోల్టుల కరెంటు నేరుగా ఉంటుంది. అక్కడ తొందరపడి అడ్డంగా నొక్కితే పోర్టు కాలిపోతుంది, ఒక్కొక్కసారి బోర్డే పోతుంది. నేను చూసినంతలో చాలామంది మొదటిదాని దగ్గర గంటసేపు తటపటాయించి, రెండోదాన్ని అర నిమిషంలో కానిచ్చేస్తారు. ఈ శ్రద్ధ తలకిందులు కావాలనే నేను ఇంత వివరంగా రాస్తున్నాను.

పనికి ముందు

గోడ మీద స్విచ్చి ఆపడంతో సరిపెట్టకండి, ప్లగ్గును కూడా ఊడదీయండి. మన పల్లెల్లో పాత ఇళ్లకు వైరింగు చేసినప్పుడు కొన్నిచోట్ల స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగ మీద పెట్టారు. అలాంటి చోట స్విచ్చి ఆపినా సాకెట్టులో కరెంటు నిలిచే ఉంటుంది. ఎర్తు సరిగ్గా లేని ఇంట్లో కేబినెట్ రేకును తాకితే వేలికి జివ్వుమని తగలడం మీలో చాలామందికి అనుభవమే. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని చికాకులను వడకట్టే కెపాసిటర్ల ద్వారా కొద్దిపాటి విద్యుత్తు రేకు మీదికి వస్తుంది, ఎర్తు ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే మీ చేతి గుండా పోతుంది. అందువల్ల కొత్త కంప్యూటర్ పెట్టుకునే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు చూపించుకోవడం ఎస్ఎంపీఎస్ కొనడమంత ముఖ్యమని నా నమ్మకం.

ఒంట్లోని స్టాటిక్ విద్యుత్తు గురించి కూడా తప్పక అడుగుతారు. గోదావరి డెల్టా గాలిలో ఏడాదిలో ఎక్కువ కాలం తేమ ఉంటుంది కనుక పొడి ప్రాంతాలలో పేరుకున్నంత తేలికగా ఇక్కడ స్టాటిక్ పేరుకోదు. అయినా ఏసీ గదిలో, పాలిస్టర్ దుప్పటి మీద కూర్చొని పని చేస్తే ఆ రక్షణ ఉండదు. బోర్డును ముట్టుకునే ముందు కేబినెట్‌లో రంగు వేయని రేకును ఒకసారి తాకండి, మధ్యలో లేచి వెళ్లి వచ్చినప్పుడల్లా మళ్లీ తాకండి. మంచం మీదా పరుపు మీదా కాకుండా గట్టి బల్ల మీద కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. ఆ పిన్నులు బోర్డు కింది అంచున, నీడలో ఉంటాయి కాబట్టి ఫోను టార్చి పట్టుకునేందుకు ఇంకొక మనిషి తోడుంటే పని సగం తేలికవుతుంది.

గ్రాఫిక్స్ కార్డు ఇంకా బిగించకపోతే మంచిది, బిగించి ఉంటే తీసి పక్కన పెట్టండి. ఆ కార్డు కింద చేయి పెట్టి ఈ తీగలు గుచ్చాలని చూస్తే వేలి గోరు కూడా దూరదు.

ఇక బోర్డుతో వచ్చిన పుస్తకాన్ని తెరవండి. పుస్తకం లేకపోతే బోర్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసిన మోడల్ పేరును తయారీదారు వెబ్‌సైటులో వెతికితే అదే పుస్తకం పీడీఎఫ్‌గా దొరుకుతుంది. అందులో ఈ పిన్నుల పటం ఉన్న పేజీని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. పటం చూడకుండా పక్కింటివాళ్ల కంప్యూటర్‌లో ఎలా ఉందో చూసి పెట్టడం నాకు నచ్చని పద్ధతి, ఎందుకంటే రెండు బోర్డులు ఒకే కంపెనీవైనా వరుసలు వేరుగా ఉండవచ్చు.

తీగలను గుర్తుపట్టడం

కేబినెట్ ముందు నుంచి వచ్చే సన్నటి తీగల చివర నల్లటి ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. ఒక్కొక్క తొడుగు మీద ఆవగింజంత తెల్లటి అక్షరాలు ఉంటాయి. పవర్ ఎస్‌డబ్ల్యూ అని ఉన్నది కంప్యూటర్‌ను ఆన్ చేసే మీట, రీసెట్ ఎస్‌డబ్ల్యూ అని ఉన్నది తిరిగి మొదలుపెట్టే మీట, హెచ్‌డీడీ ఎల్ఈడీ అని ఉన్నది డిస్కు పనిచేస్తున్నప్పుడు మినుకుమినుకుమనే దీపం, పవర్ ఎల్ఈడీ అని ఉన్నది కంప్యూటర్ ఆన్‌లో ఉందని చెప్పే దీపం. ఈ చివరిది చాలా కేబినెట్లలో ప్లస్, మైనస్ అని రెండు విడి తొడుగులుగా వస్తుంది. ఈమధ్య వచ్చే కేబినెట్లలో రీసెట్ మీట లేకపోవడం కూడా మామూలే, అందుకని ఒక తీగ తక్కువైందని కంగారుపడనవసరం లేదు.

ఈ నాలుగింటిలో మీటలు రెండు, దీపాలు రెండు. ఈ తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే. మీట తీగకు దిశ లేదు, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. ఎల్ఈడీ దీపానికి దిశ ఉంది, దానిలో కరెంటు ఒక్క వైపే పారుతుంది, తిప్పి పెడితే వెలగదు. వెలగకపోవడమే దాని నష్టం, తీసి తిప్పి పెడితే వెలుగుతుంది. సాధారణంగా రంగు తీగ ప్లస్, తెల్లది లేదా నల్లది మైనస్. తొడుగు వెనుక ఒక పక్కన చిన్న త్రికోణపు గుర్తు ఉంటే అది సాధారణంగా ప్లస్ వైపును చూపుతుంది.

మీట గురించి ఇంకొక్క మాట. మనం నొక్కే మీట గుండా కంప్యూటర్‌కు కావలసిన కరెంటు పారదు. డెల్టా కాలువల మీద లాకుల దగ్గర చక్రం తిప్పే మనిషి నీటిని మోయడు, తలుపును ఎత్తమని యంత్రానికి చెబుతాడు, నీరు తన దారిన పోతుంది. ఈ మీట పని కూడా అంతే. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆపి ఉన్నా, ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల కరెంటు కొద్దిగా బోర్డుకు అందుతూనే ఉంటుంది. మీట నొక్కగానే రెండు పిన్నులు క్షణకాలం కలుస్తాయి, బోర్డు ఆ సైగను గ్రహించి ఎస్ఎంపీఎస్‌ను పూర్తిగా మేల్కొలుపుతుంది. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ (బోర్డు, ఎస్ఎంపీఎస్, కేబినెట్ ఒకదానికొకటి సరిపోయేలా చేసిన ప్రమాణం) పద్ధతిలో ఇది ఇలాగే నడుస్తోంది. ఈ సంగతి తెలియడం వల్ల కలిగే లాభం కింద, మొదటిసారి ఆన్ చేసే చోట చెబుతాను.

తొమ్మిది పిన్నుల పటం

బోర్డు కింది అంచున, ఎక్కువగా కుడి మూలకు దగ్గరగా, రెండు వరుసలలో నిలబడ్డ పిన్నుల గుంపు కోసం చూడండి. దాని పక్కన ఎంఎస్ఐ బోర్డుల మీద జేఎఫ్‌పీ1 అని, గిగాబైట్ మీద ఎఫ్ ప్యానెల్ అని, ఏఎస్‌రాక్ మీద ప్యానెల్1 అని, ఆసుస్ మీద ప్యానెల్ లేదా ఎఫ్ ప్యానెల్ అని రాసి ఉంటుంది. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదో వంతు.

పది పిన్నులు ఉండవలసిన చోట ఒక మూల ఖాళీగా వదిలి తొమ్మిదే పెడతారు. ఆ ఖాళీయే మీకు దిక్సూచి. పిన్నుల గుంపును పైనుంచి చూస్తూ, ఆ ఖాళీ పై వరుసలో కుడి చివరకు వచ్చేలా మనసులో తిప్పుకోండి. అప్పుడు పై వరుసలో ఎడమ నుంచి మొదటి రెండు పిన్నులు పవర్ ఎల్ఈడీకి చెందినవి, వాటిలో ఎడమది ప్లస్, దాని పక్కది మైనస్. ఆ తరువాతి రెండు పిన్నులు పవర్ మీటవి, వాటి తరువాత ఖాళీ. కింది వరుసలో ఎడమ నుంచి మొదటి రెండు డిస్కు దీపానివి, ఇక్కడ కూడా ఎడమది ప్లస్. తరువాతి రెండు రీసెట్ మీటవి. ఖాళీకి సరిగ్గా కింద ఉన్న తొమ్మిదో పిన్నుకు ఏ తీగా పెట్టకూడదు. ప్లస్‌లు రెండూ ఎడమ చివర ఒకదాని కింద ఒకటి ఉంటాయని, మీటలు రెండూ ఖాళీ వైపు ఉంటాయని గుర్తుంచుకుంటే పటం మళ్లీ మళ్లీ చూడనవసరం ఉండదు.

ఇంటెల్ వేసిన ఈ అమరికనే ఇప్పటి బోర్డులలో చాలావరకు అనుసరిస్తారు. అయితే కొన్ని గిగాబైట్, ఆసుస్ బోర్డులలో ఈ తొమ్మిదింటికి స్పీకరు వంటివి చేర్చి పొడవాటి గుంపుగా పెడతారు. అలాంటి చోట నేను చెప్పిన వరుస కంటే మీ పుస్తకంలోని పటానిదే తుది మాట.

కలిపే క్రమం

మీకు దూరంగా ఉన్న వరుసను ముందు పూర్తి చేసి, దగ్గరగా ఉన్న వరుసను తరువాత పెట్టండి. దగ్గరి వరుస ముందే నిండితే వెనుక పిన్నులు కనబడవు, వేలు ఆనదు. తొడుగును రెండు వేళ్లతో పట్టుకొని, దాని రంధ్రాలను పిన్నుల మీద ఆనించి, రెండు పిన్నులూ రెండు రంధ్రాల కింద ఉన్నాయని టార్చి వెలుగులో చూసుకున్న తరువాతే నిటారుగా కిందికి నొక్కండి. పక్కకు ఒరిగించి నొక్కితే పిన్ను వంగుతుంది. వంగిన పిన్నును పట్టకారుతో ఒక్కసారి నెమ్మదిగా నిలబెట్టవచ్చు. అదే పిన్నును నాలుగైదుసార్లు వంచుతూ నిలబెడుతూ ఉంటే మొదలు దగ్గర విరిగిపోతుంది.

వేళ్లు లావుగా ఉన్నవారికి నేను చేసే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక వరుసకు చెందిన తొడుగులను బయటే, చేతిలోనే, పటంలో ఉన్న క్రమంలో పక్కపక్కన పేర్చండి. అక్షరాలు అన్నీ ఒకే వైపుకు ఉండేలా చూసి, వాటి నడుము చుట్టూ ఇన్సులేషన్ టేపును సన్నగా కత్తిరించి ఒక చుట్టు చుట్టండి. ఇప్పుడు మూడు విడి ముక్కలు ఒకే ముక్కయ్యాయి, ఒక్కసారిగా పిన్నుల మీద కూర్చోబెట్టవచ్చు. రేపు బోర్డు తీయవలసి వస్తే ముక్కగానే ఊడి వస్తుంది, మళ్లీ క్రమం వెతుక్కునే బాధ ఉండదు. ఆసుస్ వారు కొన్ని బోర్డులతో క్యూ కనెక్టర్ అనే చిన్న దిమ్మెను ఇదే పనికి ఇస్తారు, తీగలను బయట దానికి గుచ్చి ఆ దిమ్మెను బోర్డు మీద పెట్టడమే. పెట్టెలో అది ఉంటే పారేయకండి. కొన్ని కొత్త కేబినెట్లలో తీగలన్నీ కలిసి తొమ్మిది రంధ్రాల ఒకే తొడుగుగా వస్తున్నాయి, ఇంటెల్ అమరిక ఉన్న బోర్డుకు అది నేరుగా సరిపోతుంది.

పవర్ ఎల్ఈడీ తీగ మూడు రంధ్రాల తొడుగుతో వస్తే ఏమి చేయాలన్నది తరచుగా ఎదురయ్యే చిక్కు. పాత కేబినెట్లలో ఇది ఎక్కువ. తీగలు రెండు చివరి రంధ్రాలకు ఉంటాయి, నడిమి రంధ్రం ఖాళీ. బోర్డు మీద పిన్నులు పక్కపక్కన ఉన్నాయి కనుక ఈ తొడుగు సరిపోదు. దానికి కొత్త తీగ కొనక్కరలేదు, ఒక పిన్నీసు చాలు. తొడుగును వెలుగుకు ఎదురుగా పట్టుకొని చూస్తే, ప్రతి రంధ్రం పక్కనా నాలుకలాంటి సన్నటి ప్లాస్టిక్ రేకు కనిపిస్తుంది, దాని కింద ఇత్తడి కొన మెరుస్తూ ఉంటుంది. చివరి రంధ్రంలోని మైనస్ తీగ దగ్గర ఆ నాలుకను పిన్నీసు మొనతో వెంట్రుక మందం పైకి ఎత్తండి, అంతకు మించి ఎత్తితే అది విరుగుతుంది. అలా ఎత్తి పట్టుకొని, రెండో చేత్తో తీగను వెనక్కు మెల్లగా లాగితే ఇత్తడి కొన బయటికి జారి వస్తుంది. దానిని అదే వైపు ముఖం ఉండేలా నడిమి రంధ్రంలోకి తోయండి. టిక్కుమన్న చిన్న చప్పుడు వినిపిస్తే నాలుక పట్టుకుంది. తీగను ఒకసారి లాగి చూసి, రాకపోతే పిన్నుల మీద పెట్టండి. మూడో రంధ్రం పక్క పిన్నును కప్పి అడ్డం వస్తే, తొడుగులో ఆ ఖాళీ భాగాన్ని బ్లేడుతో కోసి తీసేయవచ్చు.

స్పీకరు అనే చిన్న నల్ల బిళ్ల నాలుగు రంధ్రాల తొడుగుతో వస్తే దాన్ని పెట్టుకోమనే నా సలహా. తెర మీద బొమ్మ రానప్పుడు అది చేసే బీప్ శబ్దాల లెక్కను బట్టి తప్పు ర్యామ్‌దో గ్రాఫిక్స్ కార్డుదో తెలుస్తుంది.

హెడ్‌ఫోన్ తీగ

హెచ్‌డీ ఆడియో అని రాసి ఉన్న తీగకు పది రంధ్రాల చోట ఒకటి మూసి ఉంటుంది. బోర్డు మీద దీని పిన్నులు ఎక్కువగా వెనుక వైపు కింది మూలన ఉంటాయి. కేబినెట్ ముందు నుంచి ఆ మూలకు తీగ చాలా దూరం ప్రయాణించాలి కాబట్టి, దీనిని అన్నిటికంటే ముందు, బోర్డు బిగించే రేకు వెనుక నుంచి లాగి పెట్టండి. పాత కేబినెట్లలో అదే తీగకు ఏసీ97 (పాత ఆడియో పద్ధతి) అని రెండో తొడుగు కూడా ఉంటుంది. ఇప్పటి బోర్డులకు అది అవసరం లేదు, మడిచి ట్యాగు వేసి పక్కకు కట్టేయండి. రెండూ ఒకే తీగకు చెందినవి కనుక ఒకటే పెట్టాలి.

యూఎస్‌బీ దగ్గర నిదానం

యూఎస్‌బీ 2.0 పిన్నులు కూడా తొమ్మిదే, రెండు వరుసలే. అందుకే వీటిని ముందు భాగపు పిన్నులనుకొని పొరబడేవారున్నారు. బోర్డు మీద పేరు చదవకుండా ఏదీ గుచ్చకండి. ఇక్కడ ఒక చివర ఉన్న రెండు పిన్నులలో 5 వోల్టులు ఉంటాయి, రెండో చివరకు దగ్గరలోని రెండు పిన్నులు గ్రౌండు (కరెంటు తిరిగి పోయే దారి). తొడుగు తిరగబడితే కరెంటు తీగ గ్రౌండు వైపుకు పోతుంది. అలా జరగకుండా తొడుగులో ఒక రంధ్రాన్ని మూసి ఉంచారు, ఆ మూసిన రంధ్రం బోర్డు మీద పిన్ను లేని ఖాళీ మీదకు రావాలి. దిగడం లేదంటే బలం తక్కువైందని అనుకోకండి, దిశ తప్పిందని అర్థం. ఆడియోలో ఖాళీ ఎనిమిదో స్థానంలో, యూఎస్‌బీలో తొమ్మిదో స్థానంలో ఉంటుంది కనుక ఒకదాని తొడుగు ఇంకొకదానికి సరిపోదు. బలవంతం చేసినవారికి మాత్రమే సరిపోతుంది, పిన్ను వంగిపోయాక.

బాగా పాత కేబినెట్లలో యూఎస్‌బీ తీగలు ఒక్కొక్కటీ విడిగా, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు రంగులలో వస్తాయి. ఎరుపు 5 వోల్టులు, తెలుపు డేటా మైనస్, ఆకుపచ్చ డేటా ప్లస్, నలుపు గ్రౌండు. పటం ముందు పెట్టుకొని ఒక్కొక్కటీ చదువుతూ పెట్టగలిగితేనే పెట్టండి. ఆ నమ్మకం లేకపోతే వాటిని టేపు చుట్టి వదిలేసి, బోర్డు వెనుక ఉన్న పోర్టులు వాడుకోవడం మేలు. ముందు పోర్టు లేకపోయినా రోజు గడుస్తుంది, పెన్‌డ్రైవ్‌లోని ఇంటి ఫొటోలు పోతే తిరిగి రావు.

యూఎస్‌బీ 3.0 తీగ లావుగా, ఎక్కువగా నీలి రంగు కొసతో ఉంటుంది, దానిలో 19 పిన్నులు. కొసకు ఒక పక్క ఉబ్బెత్తుగా ఉన్న గీత బోర్డు మీది ప్లాస్టిక్ గోడలోని చీలికకు సరిపోవాలి. ఆ పిన్నులు దారాల్లా సన్నవి, వంగితే సరిచేయడం నాకు కూడా కష్టమే. పెట్టేటప్పుడు కంటే తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. అటూ ఇటూ ఊపుతూ లాగితే బోర్డు మీది ప్లాస్టిక్ గోడ కూడా తీగతో పాటు పైకి వస్తుంది. ఒక చేత్తో ఆ గోడను కిందికి అదిమి పట్టుకొని, రెండో చేత్తో నిటారుగా లాగండి. టైప్ సీ తీగ కొస చిన్నది, ఒకే దిశలో దిగి టక్కుమని పట్టుకుంటుంది. మీ బోర్డుకు ఆ స్థానం లేకపోతే కేబినెట్ ముందు ఉన్న టైప్ సీ రంధ్రం ఖాళీగా ఉండిపోతుంది.

రంగు దీపాల ఫ్యాన్లు ఉంటే మూడు పిన్నుల 5 వోల్టుల తీగ వేరు, నాలుగు పిన్నుల 12 వోల్టుల తీగ వేరు. 5 వోల్టుల తీగను 12 వోల్టుల పిన్నుల మీద పెడితే దీపాలు మాడిపోతాయి.

మొదటిసారి ఆన్ చేయడం

పక్క తలుపు బిగించకండి. ప్లగ్గు పెట్టి, ఎస్ఎంపీఎస్ వెనుక మీటను ఆన్ వైపుకు నొక్కి, ముందు మీటను ఒక్కసారి నొక్కి వదలండి. ఫ్యాను తిరిగి, దీపం వెలిగి, తెర మీద బొమ్మ వస్తే రీసెట్ మీటను కూడా ఒకసారి పరీక్షించండి. రీసెట్ నొక్కితేనే కంప్యూటర్ ఆన్ అవుతుంటే ఆ రెండు తొడుగులు తారుమారయ్యాయి.

ఏమీ జరగకపోతే కంగారు వద్దు. పెద్ద 24 పిన్నుల తీగ, ప్రాసెసర్ దగ్గరి తీగ గట్టిగా దిగాయో లేదో చూశాక, బోర్డు మీద పవర్ మీట తొడుగును తీసేసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నులను ఒక్క క్షణం కలిపి వదలండి. పైన చెప్పిన సైగ ఇదే, మీట చేసే పని స్క్రూడ్రైవర్ చేసింది. ఇప్పుడు కంప్యూటర్ లేస్తే బోర్డు, ఎస్ఎంపీఎస్ బాగున్నాయి, లోపం కేబినెట్ మీటలోనో దాని తీగలోనో ఉంది. పిన్నులు రెండే అని నిర్ధారించుకొని చేయండి, పక్కనున్న యూఎస్‌బీ పిన్నుల మీదికి మొన జారకూడదు. మల్టీమీటరు ఉన్నవారు మీట తీగ రెండు కొసలకు పెట్టి నొక్కి చూస్తే, నొక్కినప్పుడు మోగి, వదిలితే ఆగాలి.

మన గాలి తెచ్చే చిక్కులు

ఒకసారి భీమవరం దారిలో రొయ్యల మేత అమ్మే దుకాణం నుంచి పిలుపు వచ్చింది. కంప్యూటర్ ఆన్ అయి నాలుగైదు సెకన్లకే ఆరిపోతోంది. అంతకు ముందు చూసిన మెకానిక్ బోర్డు పోయిందని, మార్చాలని చెప్పి వెళ్లాడట. దుకాణం యజమాని లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, సీజను ముందు, మనిషి దిగులుగా కూర్చున్నాడు. నేను వెళ్లి చూసేసరికి ముందు మీట కొంచెం లోపలికి దిగి ఉంది. మేత పొడి, చెరువు గట్ల మీది తేమ కలిసి ఆ మీట చుట్టూ గట్టిపడి, నొక్కిన మీట తిరిగి పైకి రావడం లేదు. మీటను నాలుగు సెకన్లకు పైగా నొక్కి ఉంచితే కంప్యూటర్‌ను బలవంతంగా ఆపాలన్నది బోర్డుకు తెలిసిన నియమం. అది ఆ నియమాన్నే పాటిస్తోంది. మీట తొడుగును బోర్డు నుంచి పీకి, స్క్రూడ్రైవర్‌తో తాకించగానే కంప్యూటర్ లేచి నిలకడగా నడిచింది. రీసెట్ తీగను పవర్ పిన్నుల మీదికి మార్చి, ఇకపై రీసెట్ మీటతోనే ఆన్ చేసుకోమని చెప్పి వచ్చాను. ఖర్చు ఏమీ కాలేదు. బోర్డు పోయిందన్న మాట చెప్పే ముందు ఆ రెండు పిన్నుల తొడుగు తీసి చూడడానికి పట్టేది అర నిమిషం, ఆ అర నిమిషం కేటాయించకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

అదే విధంగా రీసెట్ మీట ఇరుక్కుంటే ఫ్యాన్లు తిరుగుతాయి కాని తెర మీద బొమ్మ రాదు. అప్పుడు ర్యామ్ తీసి తుడవడానికి ముందు రీసెట్ తొడుగును తీసి ఒకసారి చూడండి.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలి వల్ల చవక కేబినెట్ల తీగ కొసలు ఆకుపచ్చగా చిలుము పడతాయి. ముందున్న యూఎస్‌బీ రంధ్రాలు కూడా అలాగే పాడై, లోపలి రేకులు ఒకదానికొకటి తాకితే, ఆన్ చేయగానే తెర మీద యూఎస్‌బీ ఓవర్ కరెంట్ అన్న హెచ్చరిక వచ్చి, 15 సెకన్లలో కంప్యూటర్ ఆగిపోయే బోర్డులున్నాయి. అది కనిపిస్తే ప్లగ్గు తీసి, ముందు భాగపు యూఎస్‌బీ తీగను బోర్డు నుంచి ఊడదీసి మళ్లీ ఆన్ చేయండి. హెచ్చరిక పోతే దోషం ముందు పోర్టులోనే ఉంది. చిలుముకు కొబ్బరినూనెగాని మరే నూనెగాని రాయకూడదు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లతో అద్ది తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తొడుగును రెండు మూడుసార్లు తీసి పెడితే పిన్నుల మీది పొర రాలిపోతుంది.

డిస్కు దీపం ఎప్పుడూ వెలగకపోతే ముందు తిప్పి పెట్టి చూడండి. అప్పటికీ వెలగకపోతే మీ డిస్కు ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా గుచ్చే సన్నటి డిస్కు) రకానిదేమో గమనించండి, కొన్ని బోర్డులలో ఆ రకపు డిస్కు కదలికలకు ఈ దీపం స్పందించదు.

అన్నీ పనిచేస్తున్నాయని తేలాక తీగలను ఫ్యాను రెక్కలకు దూరంగా, రేకు వెనుకకు లాగి ప్లాస్టిక్ ట్యాగులతో కట్టండి. పిన్నుల దగ్గర తీగ బిగుతుగా లాగి ఉండకూడదు, రెండు వేళ్ల వదులు ఉంచండి. ట్యాగు కొసలను కోసేసి, ఊడిన స్క్రూ ఏదీ లోపల మిగల్లేదని కేబినెట్‌ను మెల్లగా వంచి చూసుకొని, పిన్నుల మీద పెట్టిన తీగలు స్పష్టంగా కనిపించేలా ఒక ఫొటో తీసి, అప్పుడు పక్క తలుపు బిగించండి. వానాకాలం ముసురు పోయి ఎండ కాసిన ఒక రోజున ఆ తలుపు మళ్లీ తెరిచి, ఆ ఫొటో పక్కన పెట్టుకొని, ఒక్కొక్క తొడుగునూ తీసి తిరిగి పెట్టండి.